ఏడేళ్లుగా రెవిట్ వాడుతున్నాను: ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు అనుభవం

రెవిట్ అంటే బిల్డింగు మొత్తాన్ని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా గీసుకునే సాఫ్ట్‌వేర్. ఇంతకుముందు మా ఆఫీసులో అన్నీ ఆటోకాడ్ డ్రాయింగులే. ఆర్కిటెక్ట్ ప్లాను ఒక ఫైలు, స్ట్రక్చర్ ఒకటి, ప్లంబింగ్ ఇంకొకటి. మూడింటినీ కలిపి చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. స్లాబు వేశాక ప్లంబర్ వచ్చి "సార్, ఇక్కడ బీము అడ్డొస్తోంది" అనేవాడు. కోర్ కటింగ్ మిషన్ పిలిపించేవాళ్లం. బరువు మోస్తున్న బీముకు బొక్క పెట్టిన రోజు నాకు నిద్ర పట్టేది కాదు.

రెవిట్ మీద నాకు నమ్మకం కుదిరింది ఒక డ్రైనేజీ పైపు వల్ల. హైదరాబాద్‌లో స్టిల్ట్ (కింద పార్కింగు), దాని మీద 5 అంతస్తుల అపార్ట్‌మెంటు. స్టిల్ట్‌లో నేల నుంచి బీము కింది అంచుకు 2.4 మీటర్లు. 110 ఎంఎం పైపు ఆ బీముల కింద 6 మీటర్లు అడ్డంగా వెళ్లాలి. 1:60 వాలు ఇస్తే ఆ దూరానికి 100 ఎంఎం దిగుతుంది. కాగితం మీద అది ఒట్టి గీత, ఎత్తు తెలియదు. మోడల్‌లో వాలుతో సహా గీసి సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) తీసి చూస్తే, పైపు చివర కింద మిగిలింది 2.19 మీటర్లే. అదీ సరిగ్గా బండ్లు లోపలికి వచ్చే చోట! షాఫ్టు (పైపులు నిలువుగా దిగే సందు) మార్చి పైపును గోడ వారగా తిప్పాం. అప్పటికింకా పునాదులు కూడా తవ్వలేదు కాబట్టి ఒక పూట పనితో సరిపోయింది.

అందరి మోడళ్లనూ కలిపి చూసే నావిస్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్లాష్ టెస్ట్ (ఏది దేనికి అడ్డొస్తోందో వెతకడం) పెడితే మొదటిసారి వందల్లో తప్పులు చూపిస్తుంది. బెదిరిపోకండి, చాలావరకు ఒకే తప్పు ప్రతి అంతస్తులోనూ రిపీట్ అయి ఉంటుంది. నేను ముందు బీములకూ డ్రైనేజీకీ మధ్య చూస్తాను. కరెంటు పైపును వంచుకోవచ్చు, నీళ్ల పైపును చుట్టూ తిప్పుకోవచ్చు. వాలు మీద నడిచే డ్రైనేజీకి ఆ వెసులుబాటు లేదు.

స్టీలు లెక్క దగ్గర మాత్రం జాగ్రత్త. రాడ్డు వచ్చేది 12 మీటర్ల పొడవులో. అంతకంటే పొడవైన బీములో నేను లాపులు (రెండు రాడ్లు పక్కపక్కన కలిసి సాగే అతుకులు) ఇవ్వకుండా రాడ్డును ఒకే ముక్కగా గీశాను. 16 ఎంఎం రాడ్డుకు 50డి (రాడ్డు మందానికి 50 రెట్లు) లెక్కన ఒక్క లాపు 800 ఎంఎం, అంటే 1.26 కిలోలు. బిల్డింగు మొత్తం మీద అలాంటివి ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. అవి లెక్కలోకి రాక సైటులో స్టీలు తక్కువ పడింది, రెండు రోజులు పని ఆగింది. అప్పటినుంచి ప్రతి స్లాబుకూ ఒక బీము చేత్తో లెక్కకట్టి రెవిట్ ఇచ్చే షెడ్యూల్‌తో (స్టీలు పట్టికతో) పోల్చుకున్నాకే ఆర్డరు పెడుతున్నాను.

మా రాడ్ బెండింగ్ మేస్త్రికి ట్యాబ్ ఇస్తే పక్కన పెట్టేశారు. అదే బీము త్రీడీ బొమ్మ, రింగుల సంఖ్య, కటింగ్ పొడవు అడుగుల్లో రాసి ఏ3 మీద ప్రింటు తీసి ఇస్తే మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడు కాగితం రాకపోతే ఆయనే ఫోన్ చేస్తారు.

కంప్యూటర్‌కు 32 జీబీ ర్యామ్ వేయించుకోండి. లైసెన్సు ఏటా కట్టాలి, ఏడాదికి ఒకటి రెండు ఇళ్లు చేసేవాళ్లకు అది భారమే. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు, కాబట్టి ప్రాజెక్టు మొదట్లోనే అందరూ ఒక వెర్షన్ అనుకోవాలి.

అన్నిటికంటే కష్టమైంది సైటులో జరిగిన మార్పులు మోడల్‌లోకి ఎక్కించడం. పైపు ఒక చోట అనుకుంటాం, గోడలో ఇంకో చోట వేస్తారు. అందుకే ప్లాస్టరింగుకు ముందు ప్రతి బాత్రూంలో లేజర్ మీటరుతో కొలతలు తీసి, శనివారం సాయంత్రం కూర్చుని మోడల్ సరిచేస్తాను. ఎంత పని ఒత్తిడి ఉన్నా ఇది మానలేదు.

మొన్న ఆ అపార్ట్‌మెంటు మూడో అంతస్తు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, గీజర్‌కి డ్రిల్ పెట్టాలంటున్నాడు, ఎక్కడ పెట్టమంటావు?" ఆఫీసులోనే మోడల్ తెరిచి చూశాను. "కుళాయికి కుడిపక్కన పైపు ఉందమ్మా, అటు వద్దు. ఎడమపక్కన జానెడు వదిలి పెట్టించండి" అన్నాను. పావుగంటలో మళ్లీ ఫోన్ చేసి బిగించేశాడని చెప్పారు.