అవ్వ మంచం పక్కన అంకీడ్రాయిడ్

జపనీస్ మాటలు గుర్తుండటానికి ఏ యాప్ మంచిదని ఎవరైనా అడిగితే నేను అంకీడ్రాయిడ్ పేరే చెప్తాను. అందులో ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండే కార్డులుంటాయి. అయితే రెడీమేడ్‌గా దొరికే కార్డులు వద్దంటాను. కార్డులు మీ ఇంట్లోంచి మీరే తయారుచేసుకోవాలి. దాని విలువంతా అక్కడే ఉంది.

నేను అనంతపురంలో స్టాఫ్ నర్సుని. జపాన్‌లో కైగో పనికి, అంటే వయసు మళ్లినవాళ్లను చూసుకునే పనికి వెళ్లాలని చదువుతున్నాను. 2021 జనవరిలో మన దేశానికీ జపాన్‌కీ ఒప్పందం కుదిరాక 'తొకుతే గినో', అంటే నిర్దిష్ట నైపుణ్యం ఉన్నవాళ్లకిచ్చే వీసా దారి మనకూ తెరుచుకుంది. దానికి జపనీస్ భాషా పరీక్షల్లో జేఎల్‌పీటీ ఎన్4 స్థాయి గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. కైగోకైతే ఆ పనిలో వాడే భాష మీద ఒకటి, పని మీద ఒకటి, ఇంకో రెండు పరీక్షలు. నైట్ డ్యూటీ చేసి వచ్చి మళ్లీ కోచింగ్‌కి పోవడం నావల్ల అయ్యే పని కాదు, ఇంట్లోనే నేర్చుకోవాలి. ఇంట్లో మా అవ్వ ఉంది. చేతికర్రతో నడుస్తుంది, రాత్రి కట్టుడు పళ్లు తీసి గ్లాసులో వేస్తుంది, మాత్రలకు టైమ్ గుర్తుచేయాలి. నాకు కావాల్సిన మాటలన్నీ ఆమె మంచం చుట్టూనే ఉన్నాయి.

అంకీ 2006లో డేమియన్ ఎల్మ్స్ విడుదల చేసిన కంప్యూటర్ ప్రోగ్రాం. దాన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు వలంటీర్లు తెచ్చారు, అదే అంకీడ్రాయిడ్. పైసా కట్టక్కర్లేదు, యాడ్స్ లేవు. ఐఫోన్‌లో మాత్రం డబ్బు పెట్టి కొనాలి. ఇలాంటి పేర్లతోనే నెలనెలా డబ్బు అడిగే వేరే యాప్‌లు ఉన్నాయి, కాబట్టి పేరు సరిగ్గా చూసి దించుకోండి. పని తీరు సులువు. కార్డు ముందు వైపు చూసి జవాబు గుర్తుచేసుకోవాలి, తిప్పి చూసుకోవాలి, ఎంత బాగా గుర్తొచ్చిందో నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి. బాగా తెలిసిన మాట కొన్ని రోజులకు, తర్వాత వారాలకు, ఆపైన నెలలకు అడుగుతుంది. మరిచిన మాట వెంటనే వెనక్కి వస్తుంది.

నా కార్డులన్నీ ఫొటోలే. అవ్వ చేతికర్ర ఫొటో ముందు వైపు, వెనక 'త్సుఎ'. గ్లాసులో పళ్ల ఫొటో, వెనక 'ఇరెబ'. మాత్రల డబ్బా, 'కుసురి'. కార్డు రాస్తున్నప్పుడే కెమెరా తీసి ఫొటో పెట్టేయొచ్చు, గొంతు రికార్డు చేయొచ్చు. ఫోన్‌లో జపనీస్ వాయిస్ వేసుకుంటే అదే చదివి వినిపించేలా కూడా పెట్టుకోవచ్చు, ఉచ్చారణకు నేను దాన్నే నమ్ముతాను. విడి మాటలు వచ్చాక వాక్యాల కార్డులు చేశాను. 'కుసురి ఒ నొందె కుదసాయ్', మందు వేసుకోండి. 'తతెమస్ క', లేవగలరా. ఇవి మంచం మీద కూర్చుని చదివేవి కావు, ఆ పని చేసే వేళకు పైకి అనాలి. మొదట్లో అవ్వ "ఏం పాపా, ఎవరితో మాట్లాడతాండావు?" అని అడిగేది. ఇప్పుడు 'ఇతాయ్ దెస్ క', నొప్పిగా ఉందా, అంటే చాలు, మోకాలు చూపిస్తుంది.

రెడీమేడ్ కార్డులు ఎందుకు వద్దంటే, నేను చూసినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. 'కొమె', 'గొహన్' రెండింటికీ వెనక రైస్ అనే ఉంటుంది. బియ్యం, అన్నం అని రాసుకుంటే గందరగోళమే లేదు. 'మిజు' చన్నీళ్లు, 'ఒయు' వేన్నీళ్లు. 'అనె' అక్క, 'ఇమోతొ' చెల్లెలు. అవ్వకు స్నానం చేయించేటప్పుడు ఒయు అనాల్సిన చోట మిజు అంటే ఎంత తేడా వస్తుందో ఆ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. వాక్యం కూడా మనలాగే క్రియతో ముగుస్తుంది, మధ్యలో ఇంగ్లీషు వస్తే ఆ వరుసంతా చెదిరిపోతుంది. ఉచ్చారణలోనూ అంతే. త్సు అంటే మన 'చుక్క'లో చు పలికినట్టే, జు అంటే 'జున్ను'లో జు పలికినట్టే. ఒబసన్ అంటే పిన్ని వయసావిడ, ఒబాసన్ అంటే అవ్వ. దీర్ఘం ఎక్కడుందో తెలుగు లిపిలో స్పష్టంగా కనిపిస్తుంది. అయినా తెలుగు లిపి మీదే ఆగిపోకండి. హిరగానా, అంటే జపనీస్‌లో మొదట నేర్చుకునే అక్షరాలు, రాగానే కార్డుల మీద అదే రాయండి, పరీక్షలో తెలుగు ఉండదు.

లెక్కపెట్టే మాటలు మాత్రం వంటింట్లోనే నేర్చుకున్నాను. జపనీస్‌లో పలచగా ఉండేవాటికి ఒక లెక్క, పొడవైనవాటికి ఒకటి, మనుషులకు ఇంకొకటి. చపాతీలు పెనం మీంచి తీస్తూ ఇచిమాయ్, నిమాయ్, సన్మాయ్. అరటిపండ్లు ఇప్పొన్, నిహొన్, సంబొన్. భోజనానికి ఎంతమందో చూసి హితొరి, ఫుతరి, సన్నిన్, మనం ఒకరు, ఇద్దరు, ముగ్గురు అన్నట్టే. అనంతపురం ఇల్లు కాబట్టి చెనిక్కాయలకు 'రక్కసే', రాగులకు 'షికొకుబియె' కార్డులు కూడా ఉన్నాయి. పరీక్షకు అక్కరకు రావు, నాకు ఇష్టమని ఉంచుకున్నాను.

మొదటిసారి తెరిచినవాళ్లకు యాప్ అర్థం కావడం కష్టమే. సెట్టింగ్‌లు బోలెడు, వాటిలో చాలావాటి జోలికి పోనక్కర్లేదు. ఒక్కటి తప్పకుండా మార్చండి: రోజుకు 20 కొత్త కార్డులు అని మొదట్లో ఉంటుంది. ఉద్యోగం, ఇల్లు చూసుకునేవాళ్లకు అది ఎక్కువ, ఐదారుకు తగ్గించండి. లేకపోతే పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి పాత కార్డులు కుప్పగా పేరుకుని టెన్షన్ మొదలవుతుంది. పేరుకున్నప్పుడు కొత్తవి పూర్తిగా ఆపి, పాతవి తీరాక మొదలుపెడితే సరిపోతుంది.

'ఎన్5 అధికారిక పదాలు' (ఎన్5 అంటే జేఎల్‌పీటీలో అన్నిటికన్నా తేలిక స్థాయి) అని కనిపించే కార్డుల కట్టలను నమ్మకండి. 2010లో పరీక్ష పద్ధతి మారినప్పటి నుంచి నిర్వాహకులు పదాల జాబితా ప్రకటించడం లేదు. కంజీ, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు రాయడానికి యాప్‌లో వైట్‌బోర్డ్ ఉంది, వేలితో తెర మీదే రాసుకోవచ్చు, కానీ తప్పు రాస్తే అది చెప్పదు. మాట్లాడటమూ నేర్పదు, దానికి మనిషి కావాల్సిందే.

కార్డులు మొదలుపెట్టిన రోజే అంకీవెబ్‌లో ఉచిత ఖాతా తెరిచి సింక్ చేయండి. ఫొటోలు, రికార్డింగులు కూడా అక్కడికి చేరతాయి, ఫోన్ పాడైనా మళ్లీ మొదటి నుంచి తీయాల్సిన పని ఉండదు.