ఈజ్ మాన్యువల్ రివ్యూ: శరణార్థి పిల్లలతో పనిచేసేవాళ్ల కోసం

యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన పిల్లలు ఎదురైతే చాలామంది మొదట అడిగేది "అసలేం జరిగింది, చెప్పు" అనే. ఈజ్ (EASE, దిగులు, ఒత్తిడితో ఉన్న పిల్లల కోసం గ్రూపుగా నడిపే కార్యక్రమం) ఆ గాయాన్ని తవ్వదు, నాకు ముందు నచ్చింది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2023లో విడుదల చేసిన మాన్యువల్ ఇది, ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 10 నుంచి 15 ఏళ్ల పిల్లలకు గ్రూపుగా 7 సెషన్లు, వాళ్లను చూసుకునే పెద్దవాళ్లకు 3. నడిపేవాళ్లు సైకాలజిస్టులే కానక్కర్లేదు, కానీ ట్రైనింగ్, నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి.

మనసులో ఏముందో గుర్తుపట్టడం, టెన్షన్‌గా ఉన్నప్పుడు నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, మానేసిన ఒక పనిని కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టడం, తన చేతిలో ఉన్న సమస్యకు దారి వెతుక్కోవడం, ఇవీ నేర్పేవి. వినడానికి చాలా మామూలుగా ఉంటాయి. కానీ ఇల్లు, బడి, స్నేహితులు అన్నీ ఎవరో చేసిన యుద్ధంలో పోగొట్టుకున్న పిల్లకి "ఈ వారం నేను అనుకున్నది చేశాను" అనిపించడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి, నిలదొక్కుకోవడం అక్కడే మొదలవుతుందని నేను నమ్ముతాను.

పెద్దవాళ్ల సెషన్లు ఇంకా బాగున్నాయి. వాళ్లూ అన్నీ పోగొట్టుకున్నవాళ్లే కదా, ఆ బాధ కోపంగా మారి పిల్లల మీదే పడుతుంది. పిల్లలు చెప్పేది పూర్తిగా వినడం, మెచ్చుకోవడం, తమను తాము చూసుకోవడం నేర్పిస్తారు. మూడే పెట్టడం మాత్రం తక్కువ.

జోర్డాన్‌లో సిరియా శరణార్థి పిల్లలు 471 మందితో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. పిల్లలు లోపల దాచుకునే దిగులు, భయం తగ్గాయి, పెద్దవాళ్ల మానసిక ఒత్తిడి కూడా తగ్గింది. ట్రామా (భయంకరమైన అనుభవం మనసులో మిగిల్చే గాయం) లక్షణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచే పిల్లలకి, జరిగిందే పదే పదే కళ్లముందు కనిపించే పిల్లలకి ఇదొక్కటే సరిపోతుందని దయచేసి అనుకోకండి, వాళ్లకు ట్రామా మీద నేరుగా పనిచేసే చికిత్స కావాలి. ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్న పిల్లల్ని వెంటనే నిపుణుల దగ్గరికి పంపాలని మాన్యువలే చెబుతుంది.

ఇంకోటి, ఉండటానికి అనుమతి కాగితాలు, బడిలో సీటు, తిండి, ఇవేవీ సెషన్లతో రావు. ఆ పోరాటం పక్కన పెట్టేసి పిల్లల్ని "ధైర్యంగా ఉండండి" అంటే అది అన్యాయం.

మీ సంస్థలో మొదలుపెట్టాలనుకుంటే పర్యవేక్షించేది ఎవరు, పరిస్థితి తీవ్రంగా ఉన్న పిల్లల్ని ఎక్కడికి పంపాలి, ఈ రెండూ ముందే తేల్చుకోండి. అవి తేలకపోతే కొన్నాళ్లు ఆగడమే మంచిది.