కీ సెల్ అయిపోయిందా, కారు బ్యాటరీ పడిపోయిందా?

స్టార్ట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా కారులో చలనం లేదు. అనుమానం రెండింటి మీదకే పోతుంది: చేతిలోని కీ, బానెట్ కింది బ్యాటరీ. డాష్‌బోర్డు వైపు చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

కీలోని సెల్ అయిపోతే లైట్లు, హారన్ మామూలుగానే పనిచేస్తాయి. కీ కనబడలేదన్న హెచ్చరిక మాత్రం వస్తుంది. దీనికి టెన్షన్ అక్కర్లేదు. చాలా కార్లలో బ్రేక్ తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కితే ఇంజిన్ అందుకుంటుంది. కీ లోపలి చిన్న చిప్‌కి సెల్‌తో పని లేదు, కారు పంపే శక్తితోనే అది బదులిస్తుంది. కొన్ని మోడళ్లలో కీ ఆనించే చోటు వేరు, మాన్యువల్ చూడాలి. తలుపు తెరవడానికి కీలోనే మామూలు తాళంచెవి ఒకటి దాగి ఉంటుంది. అది ఉందని తెలియనివాళ్లే ఎక్కువ! సెల్ మార్చడం ఐదు నిమిషాల పని. ఎక్కువగా 3 వోల్టుల సీఆర్2032 రకమే వాడతారు.

కారు బ్యాటరీదే తప్పయితే లైట్లు మసకబారతాయి, బటన్ నొక్కగానే టకటకమని చప్పుడొస్తుంది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెడితే నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12 కంటే తగ్గిందంటే జంప్ స్టార్ట్ (వేరే బ్యాటరీకి కేబుళ్లతో కలిపి ఇంజిన్ అందుకునేలా చేయడం) తప్పదు. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుందేమో కూడా చూడండి.

నేనైతే ముందు కీ సంగతే చూస్తాను, ఖర్చూ శ్రమా తక్కువ. రెండూ బాగున్నా కారు మొరాయిస్తే, బ్రేక్ తొక్కి వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే, బ్రేక్ తొక్కారని కారుకి తెలిపే బ్రేక్ స్విచ్‌ని అనుమానించాలి.