గిఫులో నీటికాకుల వేట పడవ: మా నాన్నతో చూసొచ్చాక

ఇంటి దగ్గర్నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఎక్కడికి తీసుకెళ్లాలి అని జపాన్‌లో నగోయా చుట్టుపక్కల ఉండే మనవాళ్లు అడుగుతుంటారు. క్యోటో గుళ్లూ, ఫుజి కొండా ఎలాగూ చూపిస్తారు. వాటికంటే ముందు గిఫు వెళ్లి, నగరా నది మీద నీటికాకులతో చేపలు పట్టే ‘ఉకాయ్’ చూపించమని నేను చెబుతాను. నగోయా నుంచి జేఆర్ (జపాన్ రైల్వేస్) రైల్లో ఇరవై నిమిషాల ప్రయాణం. గిఫు స్టేషన్ బయట బస్సెక్కి నగరా వంతెన దగ్గర దిగితే పడవల టికెట్లిచ్చే ఆఫీసు అక్కడే ఉంటుంది.

మా నాన్న కైకలూరు దగ్గర చాలా ఏళ్లు చేపల చెరువులు చేశారు. నీటికాకి అంటే ఆయనకు పంట తినేసే పురుగుతో సమానం. తెల్లారేసరికి గట్టు మీదికి వెళ్లి టపాసులు కాల్చి తరిమేవారు. అలాంటి మనిషిని నీటికాకుల్ని చూడ్డానికి తీసుకెళ్తున్నానంటే రైల్లో దారి పొడుగునా ఒకటే మాట, “వాటిని చూడ్డానికి డబ్బులిచ్చి మరీ వెళ్తామా అమ్మా?”

మీరు వెళ్తే సరిగ్గా పడవ వేళకి కాదు, కాస్త ముందే చేరుకోండి. పడవలు కదిలే ముందు ఒక ‘ఉషో’ ఒడ్డుకొచ్చి తన పని గురించి చెబుతాడు. ఉషో అంటే పక్షుల్ని నడిపించే వేటగాడు. నల్లటి నూలు బట్టలు, నిప్పురవ్వలకి జుట్టు కాలకుండా తలకి చుట్టుకున్న నార గుడ్డ, తడవకుండా నడుముకి గడ్డితో అల్లిన పావడా, మడమ దాకా కూడా రాని సగం చెప్పులు. అదంతా మనకోసం వేసుకున్న వేషం కాదు, పనిలో వేసుకునే బట్టలే.

వెదురు బుట్ట మూత తీసి ఒక పక్షిని చేతుల్లోకి తీసుకున్నాడు. మన కొల్లేట్లో కనబడే చిన్న నీటికాకి కాదిది, సముద్రపు నీటికాకి. బాగా పెద్దది, ముక్కు చివర కొక్కెంలా వంగి ఉంది, కళ్లు పచ్చరాళ్లలా మెరుస్తున్నాయి. ఆయన గొంతు కింద మెల్లగా నిమురుతుంటే అది మెడ సాగదీసి కదలకుండా నిలబడింది. చిన్న చేపనొకదాన్ని అందిస్తే తల ముందుగా తిప్పుకుని ఒక్క గుటకలో మింగేసింది. దానికి జబ్బు చేస్తే ఎలా తెలుస్తుందో అడగమన్నారు నాన్న. రోజూ పొద్దున్నే ఒక్కొక్కదాన్ని ఎత్తి పట్టుకుంటాననీ, బరువులో తేడా చేతికి తెలిసిపోతుందనీ చెప్పాడు. చేప సంగతి బాగా తెలిసినవాళ్లు ఎలా మాట్లాడతారో నాన్నకి తెలుసు. ఆ జవాబు విన్నాక ఆయన ముందు వరసలోకి వెళ్లి నిలబడ్డారు.

ఈ పక్షులు ఉషో ఇంట్లోనే ఉంటాయి. ఒక్కో ఇంట్లో 20 దాకా పెంచుతారు. జపాన్ తూర్పున ఉన్న ఇబరాకి తీరంలో, వలస వచ్చేవాటిని పట్టి ఇక్కడికి పంపుతారు. కొత్తగా వచ్చినవాటిని అనుభవమున్న పక్షుల పక్కన పెట్టి రెండు మూడేళ్ల పాటు పని నేర్పుతారు. కొన్ని జంటగా ఉండటానికే ఇష్టపడతాయి, వాటిని ఎప్పుడూ ఒకే బుట్టలో పెడతారు. ఇలా మనుషుల దగ్గర పదిహేను, ఇరవయ్యేళ్లు బతికేవి ఉన్నాయి. గిఫులో ఉషోలు మొత్తం ఆరుగురే. తండ్రి తర్వాత కొడుకు చేస్తాడు. జపాన్ రాజకుటుంబ వ్యవహారాలు చూసే శాఖ కింద వీళ్లకి హోదా ఉంది. ఈ ప్రాంతంలో ఈ వేట 1300 ఏళ్ల నాటిదంటారు, 702 నాటి జనాభా పత్రంలోనే నీటికాకులు పెంచేవాళ్ల ప్రస్తావన ఉంది.

మెడకి కట్టే తాడు గురించి చెప్పాలి, అందరికీ కలిగే సందేహం అదే. “మెడ బిగిస్తే ఊపిరాడద్దా?” అని నాన్నా అడిగారు. పెద్ద చేప గొంతులో ఆగాలి, చిన్నది కడుపులోకి జారాలి, అంత వదులుగానే కడతారు. యంత్రం లేదు, కొలబద్ద లేదు. ప్రతి సాయంత్రం ఒక్కో పక్షి మెడకీ చేత్తో చూసుకుని కట్టాలి. ఇంకోటి, పక్షికీ ఉషో చేతికీ మధ్య ఉండే పగ్గం హినోకి చెట్టు నారతో పేనింది. లాగితే తెగదు, పేట తిరిగిన వైపుకి ఎదురుగా మెలిపెడితే పుటుక్కున తెగిపోతుంది. నీటి అడుగున రాయికి చిక్కుకుంటే పక్షిని వెంటనే విడిపించడానికి ఈ ఏర్పాటు. ఇంత ఆలోచించి చేసిన పగ్గాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. అయినా పక్షిని కట్టి పనిచేయించడమే తప్పనుకునేవాళ్లు ఉంటారు, వాళ్లు వెళ్లకపోవడమే మంచిది. నాకు మాత్రం అక్కడ నిర్లక్ష్యం ఎక్కడా కనబడలేదు.

చీకటి పడ్డాక వేట. పడవ ముక్కుకి వేలాడే ఇనుప బుట్టలో పైన్ చెక్కలు భగభగ మండుతుంటాయి. ఆ వెలుగుకి బెదిరి ‘ఆయు’ చేపలు కదులుతాయి, కదలగానే పక్షులు మునుగుతాయి. ఒక్క మనిషి ఎడమ చేతిలో పది పగ్గాలు. పక్షులు అటూ ఇటూ ఈదుతుంటే పగ్గాలు పెనవేసుకుపోతాయి. ఆయన కుడి చేత్తో వాటిని విడదీస్తూ, “హోవ్ హోవ్” అని పక్షుల్ని హుషారు చేస్తూ, గొంతు ఉబ్బిన దాన్ని పడవ మీదికి లాగి చేపలు కక్కించి మళ్లీ నీళ్లలోకి వదులుతాడు. ఏ పగ్గం చివర ఏ పక్షి ఉందో చూడకుండానే తెలుస్తున్నట్టుంది. చూసేవాళ్లు కూర్చునే మా పడవ చాలాసేపు వేట పడవ పక్కనే సాగింది, కట్టెల వేడి మొహానికి తగిలింది. నాన్న లేచి నిలబడబోతే పడవవాడు కూర్చోబెట్టాడు. చివర్లో ఆరు పడవలూ ఏటవాలుగా వరస కట్టి చేపల్ని లోతు తక్కువ ఉన్న చోటికి తోలతాయి. ఆ ఘట్టాన్ని ‘సోగరామి’ అంటారు.

ఇక నచ్చనివి. అసలు వేట అరగంట, ముప్పావుగంటకి మించదు, అంతకుముందు పడవలో చాలాసేపు కూర్చోవాలి. పెద్దవాళ్లకి నేల మీద కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి, కుర్చీలున్న పడవ దొరుకుతుందేమో బుక్ చేసేటప్పుడే అడగండి. పడవలో వివరణ అంతా జపనీసే. బయట నుంచి తెప్పించుకునే భోజనం డబ్బాల్లో శాకాహారం దాదాపు ఉండదు. ఇంటి భోజనం తీసుకెళ్లొచ్చు కాబట్టి మేం పెరుగన్నం, మాగాయ పట్టుకెళ్లాం, హాయిగా తిన్నాం. టికెట్ ధర రోజుని బట్టి మారుతుంది.

మే 11 నుంచి అక్టోబరు 15 వరకే ఈ వేట. నది పొంగితే ఆపేస్తారు, శరదృతువు పౌర్ణమి రోజు సెలవు. వానలు పడిన వారంలో బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి. వీలుంటే మధ్యాహ్నమే వెళ్లి నది అవతలి ఒడ్డున ఉన్న ఉకాయ్ మ్యూజియం కూడా చూడండి. పగ్గాలూ, బుట్టలూ దగ్గర్నుంచి చూస్తే రాత్రి చీకట్లో ఏం జరుగుతోందో బాగా అర్థమవుతుంది. నాన్న ఆగస్టులో అమ్మతో మళ్లీ వెళ్తామన్నారు, టికెట్లు తీసేశాను.