బుసబుస పొంగే బిళ్ళతో ఆరేళ్ళు

పన్నెండేళ్ళుగా నాకు పార్శ్వపు నొప్పి ఉంది, అన్నేళ్ళుగానూ చేతిసంచిలో పారాసిటమాల్ ఉంది. జ్వరానికి, ఒళ్ళునొప్పులకు అది ఎలా పనిచేస్తుందో తెలియనివారు లేరు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. నా పేచీ అంతా దాని వేగంతోనే.

మామూలు మాత్ర అరగంట నుంచి గంటలోగా పని మొదలుపెడుతుందంటారు. జ్వరం విషయంలో నాకూ అది నిజమే. తలనొప్పి వచ్చినప్పుడు మాత్రం గడియారం చూస్తూ మాత్రను తిట్టుకోవడమే సరిపోయేది.

ఒకరోజు ఒంటిగంటకు కడుపు నిండా భోజనం చేశాను. నాలుగింటికి ఎడమ కన్ను వెనక పోటు మొదలైంది. అదే తగ్గుతుందిలే అని ఐదున్నర దాకా ఓర్చుకుని, ఇక తట్టుకోలేక 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, రెండు గుక్కల నీళ్ళతో మింగాను. ఆరున్నరయింది, ఏడయింది, పోటు అలాగే ఉంది. మందు నకిలీదేమోనన్న అనుమానం కూడా వచ్చింది. ఏడున్నరకు వాంతి. మధ్యాహ్నం తిన్నది తిన్నట్టే బయటపడింది.

మరునాడు ఇదంతా చెబితే డాక్టరు గారు నవ్వి, "మాత్ర మీద కోపమెందుకండీ, అది గుమ్మం దాటితే కదా!" అన్నారు. పారాసిటమాల్ రక్తంలో కలిసేది ప్రధానంగా చిన్నపేగులోనట. జీర్ణాశయం నిండుగా ఉంటే అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది. పార్శ్వపు నొప్పి ముదిరితే జీర్ణాశయం కదలికే మందగిస్తుంది. ఇన్నేళ్ళూ నేను ఓర్పు అనుకున్నది మందుకు దారి మూయడమేనన్నమాట!

ఆవిడ సలహాతోనే నీళ్ళలో కరిగే రకానికి మారాను. మొదటిసారి ఇరవై నిమిషాలకే పోటు మెత్తబడింది. నమ్మలేక తల అటూ ఇటూ ఊపి చూసుకున్నాను. కరగడమనే పని గ్లాసులోనే అయిపోతుంది, పైగా గ్లాసెడు నీళ్ళు జీర్ణాశయాన్ని త్వరగా ఖాళీ చేయిస్తాయి. రుచి గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

అప్పట్లో కనిపించినవారందరికీ ఇదే వాడమని చెప్పాను. ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పను. పొంగడానికి వేసే సోడియం బైకార్బొనేట్ వల్ల ఒక్కో బిళ్ళలో సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. అమ్మకు రక్తపోటు ఉంది, అందుకే ఆవిడకు ఇవ్వడం మానేశాను. ఇంకొకటి, త్వరగా తగ్గుతుందని తెలిశాక చెయ్యి ఊరికే ఉండదు. ఒక నెల క్యాలెండరులో గుర్తులు లెక్కపెడితే పదమూడు రోజులు తేలాయి. నెలకు 15 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. పెద్దవాళ్ళకు రోజుకు 4 గ్రాములన్న హద్దు ఎలాగూ ఉంది, జలుబు మందుల్లో ఉండే పారాసిటమాల్ కూడా అందులోకే వస్తుంది.

ఐబుప్రొఫెన్ కూడా కొన్నాళ్ళు వాడాను. దెబ్బ తగిలి వాచిన చోట నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని తగ్గిస్తుంది కాబట్టి బెణికిన మడమకు అదే మేలనిపించింది, కానీ నా కడుపుకు పడలేదు.

నాకు రక్తపోటు లేదు, ఇప్పుడు నొప్పి నెలకు నాలుగైదుసార్లకు మించడం లేదు, అది వచ్చే సూచన ముందే తెలుస్తుంది. ఈ మూడూ ఇలాగే ఉన్నంతకాలం దీన్ని వదలను. నిద్రలోనే నొప్పి ముదిరిపోయి మెలకువ వచ్చిన రోజున మాత్రం ఇదీ గంట దాటిస్తుంది.