పెద్ద సర్వరా, ఇంకో సర్వరా, ఉన్నదాన్నే సరిచేయడమా?

తిరుపతిలో లాడ్జి గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే మాకు అసలు పరీక్ష వైకుంఠ ఏకాదశి ముందు వారమే. పోయినసారి ఆ వారంలోనే సైటు మొరాయించింది. పేజీ అర నిమిషం తిరిగి తిరిగి ఎర్రర్ చూపించేది. "అన్నా, ర్యామ్ డబుల్ చేసేద్దామా?" అన్నాడు మా జూనియర్. ఇంకొకతను "ఇంకో నాలుగు సర్వర్లు పెడదాం" అన్నాడు.

మిషను ఎంత పని చేస్తోందో చూపే టాప్ కమాండు కొట్టి చూస్తే సీపీయూ వాడకం 20 శాతం కూడా లేదు. అంటే మిషను పని చేయలేక కాదు, దేనికోసమో కాచుకొని ఆగిపోయింది. పది సెకన్లకొకటి చొప్పున జేస్టాక్ అనే జావా టూల్‌తో మూడు థ్రెడ్ డంపులు తీశాం. థ్రెడ్ అంటే ఒక్కో రిక్వెస్టును చూసుకునే పనివాడు లాంటిది, ఆ క్షణంలో ఏ థ్రెడ్ ఎక్కడుందో డంపు చూపిస్తుంది. మా సైటును నడిపే టామ్‌క్యాట్‌కు డిఫాల్టుగా ఉండే 200 థ్రెడ్లలో దాదాపు అన్నీ ఒక్క చోటే నిలబడ్డాయి: డేటాబేస్ కనెక్షన్ కోసం. డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి థ్రెడ్లకు పంచే హికారీ పూల్‌లో డిఫాల్టు కనెక్షన్లు 10, కాచుకునే గడువు 30 సెకన్లు. ఆ అర నిమిషం ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, 50 మిల్లీసెకన్లలో అయిపోతే ఆ పది కనెక్షన్లతోనే సెకనుకు 200 క్వెరీలు నడుస్తాయి. మా ఖాళీ గదుల క్వెరీకి 2 సెకన్లు పడుతోంది. అంటే సెకనుకు ఐదే! కొండమీద కంపార్ట్‌మెంట్లు ఎన్ని కట్టినా లైను కదిలేది బంగారు వాకిలి దగ్గర కదిలినంతే కదా. థ్రెడ్లు పెంచినా అంతే, లోపల కాచుకునేవాళ్లు పెరుగుతారు.

సీపీయూ 90 దాటి, డంపులో థ్రెడ్లన్నీ రన్నబుల్ (దేనికోసమూ ఆగకుండా నడుస్తున్నవి) అని కనిపిస్తే పెద్ద మిషనుకు డబ్బు పెట్టొచ్చు. మాది ఆ కేసు కాదు.

సర్వర్లు పెంచడం మాకైతే ఇంకా ప్రమాదం. ప్రతి సర్వరూ తన పూల్ తాను తెరుస్తుంది. పూల్ కూడా ఇరవైకి పెంచితే ఐదు సర్వర్లకు వంద కనెక్షన్లు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కు డిఫాల్టు కనెక్షన్ల పరిమితి సరిగ్గా 100, అందులో 3 అడ్మిన్ కోసం పక్కన పెట్టుకుంటుంది. పైగా నిదానమైన క్వెరీని వందమంది ఒకేసారి అడిగితే డేటాబేసే కూలబడుతుంది. ఒక సర్వరు పోయినా సైటు నిలబడాలంటే రెండోది కావాలి, అందుకు నేనూ ఒప్పుకుంటా.

మేం మూడో దారి పట్టాం. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతోందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ వేస్తే, ఖాళీ గదుల క్వెరీ టేబులంతా మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది. లాడ్జి నంబరు, తేదీ కలిపి ఒక ఇండెక్స్ (కావలసిన వరుసలను నేరుగా పట్టుకునే సూచిక) వేశాం. సర్వరు ఆపకుండా కన్‌కరెంట్లీ అని పెట్టే వేశాం, లేకుంటే ఇండెక్స్ తయారయ్యేదాకా కొత్త బుకింగులు ఆగిపోతాయి. పూల్ పదిలోనే ఉంచాం. మధ్యాహ్నానికి లాడ్జీల నుంచి ఫోన్లు ఆగాయి.

ఇప్పుడు ఒకేసారి చాలామంది వాడినట్టు రిక్వెస్టులు పంపే జేమీటర్‌తో ముందే లోడ్ పెట్టి చూస్తున్నాం, అదీ అసలు బుకింగులంత డేటా నింపిన కాపీ మీద. వెయ్యి వరుసల టేబుల్లో ఇండెక్స్ లేకున్నా తేడా తెలియదు.