పటాల రైలు: అయిదేళ్లు వాడాక

హన్మకొండలోని ఒక ప్రదర్శనశాలలో డంగు సున్నం గోడ ఒకటి, సిమెంటు గోడలు మూడు. నాలుగింటికీ పైకప్పుకు మూడంగుళాల కింద అల్యూమినియం రైలు, అంటే గాడి ఉన్న పొడవాటి పట్టీ కొట్టి, దాన్నుంచి తీగలు వదిలి, తీగ మీద జరిపే కొక్కేలకు పటాలు తగిలిస్తున్నాం. ఇప్పటికి అయిదేళ్లయింది. ముందే చెప్పేస్తే, గోడ విషయంలో పెట్టిన డబ్బుకు పూర్తి ఫలితం వచ్చింది. ప్రతి ప్రదర్శనకూ మేకులు కొట్టడం, అయిపోయాక పుట్టీ పూయడం తప్పింది. పటం భద్రత సంగతి వేరు. జారిన పటాల్లో రైలు ఊడి జారింది ఒక్కటీ లేదు. ప్రతిసారీ ఫ్రేము వెనక కొక్కెమే ఊడింది.

రైలు వచ్చిన డబ్బా మీద మీటరుకు 20 కిలోలు అని రాసి ఉంది. గట్టి గోడలో అన్ని స్క్రూలూ సరిగ్గా దిగినప్పుడే ఆ లెక్క. ఇటుక మీద 12 నుంచి 20 మి.మీ. దాకా పూత ఉంటుంది. డబ్బాలో వచ్చే పొట్టి స్క్రూ సగం ఆ పూతలోనే ఆగిపోతుంది, పూత బరువు మోయదు. 6 మి.మీ. బిట్టుతో 65 మి.మీ. లోతు బోరు వేసి, సైకిలు పంపుతో దుమ్ము ఊదేసి, గిట్టీని (స్క్రూ పట్టుకునే ప్లాస్టిక్ గొట్టం) పూత దాటించి ఇటుకలోకి దిగగొట్టి, 60 మి.మీ. స్క్రూ బిగించాలి. దుమ్ము ఊదకపోతే గిట్టీ బోరులో తిరుగుతూనే ఉంటుంది, ఎంత తిప్పినా బిగుసుకోదు. రెండు మీటర్ల రైలుకు మేస్త్రీలు మూడు స్క్రూలు చాలంటారు. అయిదు పెట్టండి: చివరల నుంచి 10 సెం.మీ. లోపల ఒక్కొక్కటి, మధ్యలో 45 సెం.మీ.కి ఒకటి.

సున్నం గోడకు డ్రిల్లును సుత్తి మోడులో పెట్టొద్దు. రూపాయి బిళ్లంత పెల్ల ఊడొస్తుంది. ఉత్త తిప్పుడుతో నెమ్మదిగా పోతే బోరు శుభ్రంగా వస్తుంది. ఇంకో మాట. పాత గోడ ఎక్కడా తిన్నగా ఉండదు. స్క్రూ గట్టిగా బిగిస్తే గుంట ఉన్నచోట రైలు లోపలికి వంగి, తీగ కొన జరగకుండా ఇరుక్కుంటుంది. గుంట దగ్గర రైలు వెనక వాషరు పెట్టి ఎత్తు సరిచేయాలి. రసమట్టం రెండు మీటర్లకూ ఒకసారే పెట్టి చూస్తే సరిపోదు, ప్రతి స్క్రూ దగ్గరా చూడాలి. రైలు చివర ప్లాస్టిక్ మూత తప్పనిసరి. అది లేకపోతే తీగ ఒకవైపు జరిగి జరిగి కొసన జారిపోతుంది.

తీగల్లో నైలాన్, స్టీలు రెండూ వాడి చూశాం. నైలాన్ కంటికి కనపడదు, ఫొటోల్లోనూ పడదు. కానీ బరువుకు సాగుతుంది. సాయంత్రం మట్టంగా పెట్టిన పటం పొద్దున వచ్చి చూస్తే ఒక పక్కకు రెండు మి.మీ. దిగి ఉంటుంది. అందుకే నైలాన్ మీద తగిలించాక ఒక రాత్రి వదిలేసి, మర్నాడు మట్టం చూశాకే చీటీలు అంటించాలి. పైగా మర తిప్పి తీగకు బిగించే కొక్కేలు నైలాన్‌ను కొరుకుతాయి. కొరికినచోటే మళ్లీ బిగిస్తే జారుతుంది. ఇప్పుడు నాలుగు కిలోలు దాటిన వాటికి అన్నిటికీ స్టీలు తీగ, నొక్కి జరిపే కొక్కెం వాడుతున్నాం. ఈ కొక్కెం తేలిగ్గా జరగడం సర్దేవాళ్లకు ఎంత సుఖమో దొంగకూ అంతే. తలుపు దగ్గరి పటాలకు తాళం ఉన్న రకం పెట్టుకోండి. పటం కింద మిగిలిన తీగను కత్తిరించకండి, రాబోయే ప్రదర్శనకు పొడవు చాలక ఏడుస్తారు. చుట్టి పటం వెనక పేపర్ టేపుతో అంటిస్తే సరి.

ఇక అసలు తలనొప్పి ఫ్రేము వెనక ఉంది. పటం కట్టే షాపుల్లో రెండు చిన్న మర కొక్కేలు దిగేసి, వాటి మధ్య బైండింగ్ వైరు బిగుతుగా లాగి కట్టిస్తారు. ఎంత బిగుతుగా కడితే అంత గట్టి అని వాళ్ల నమ్మకం. జరిగేది తలకిందులు. పటం బరువు 10 కిలోలు అనుకోండి. వైరు రెండువైపులా 30 డిగ్రీల వాలుతో ఉంటే ఒక్కోవైపు లాగుడు 10 కిలోలు. బిగించి ఆ వాలును 15 డిగ్రీలకు తెస్తే లాగుడు 19 కిలోలు దాటుతుంది. ఆ లాగుడు ఫ్రేము పక్కలను లోపలికి గుంజుతుంది, మూలల అతుకు విడుస్తుంది, కొక్కెం చెక్కను చీల్చుకుని బయటికొస్తుంది. సింథటిక్ ఫ్రేములైతే మరీ అన్యాయం, వాటిలో స్క్రూ పట్టే గట్టిదనమే ఉండదు.

మేం చేసేది ఇది. పటం రాగానే ఆ వైరు తీసేస్తాం. పైనుంచి ఎత్తులో నాలుగో వంతు దగ్గర, రెండు పక్కలా డీ రింగులు (D ఆకారపు లోహపు రింగులు) బిగిస్తాం. ముందు సన్నటి బిట్టుతో దారి బోరు వేయాలి, లేకపోతే చెక్క పగులుతుంది. స్క్రూ పొడవు ఫ్రేము మందంలో మూడింట రెండొంతులు మించకూడదు. సింథటిక్ ఫ్రేము వెనక ముందు చెక్క పట్టీ ఒకటి అతికించి దానికే రింగు వేయాలి. తర్వాత ఒక్కో రింగుకు ఒక్కో తీగ, నిలువుగా. తీగ ఒక్కటైతే పటం బొంగరంలా తిరుగుతుంది, రెండైతే బరువు సగం సగం పంచుకుంటాయి. రైలు పద్ధతిలో మాకు బాగా నచ్చింది ఈ ఏర్పాటే.

ఎత్తుకు సూత్రం పాతదే. పటం నడిమధ్య నేల నుంచి 58 అంగుళాలు ఉండాలి. 24 అంగుళాల పటానికి రింగు పైనుంచి 6 అంగుళాల కింద ఉంటే, 58కి పటం ఎత్తులో సగం, అంటే 12 కలిపి, 6 తీసేయాలి. కొక్కెం 64 దగ్గర ఆగాలి. బడిపిల్లల బస్సులు వచ్చే ప్రదర్శనకు నడిమధ్యను 55కి దించండి. రైలు ఉంటే ఈ మార్పు కొక్కెం జరిపినంత తేలిక. మేకులతో అయితే గోడంతా మళ్లీ బోర్లే.

తీగ మీద వేలాడే పటం పైభాగం ముందుకు వాలుతుంది, ఎందుకంటే కొక్కెం మందం పైన ఉంటుంది, కింద ఉండదు. కొక్కెం అంత మందమే, అంటే 8 నుంచి 10 మి.మీ. ఫెల్ట్ ముక్కలు కింది రెండు మూలలా అంటిస్తే పటం గోడకు సమంగా నిలుస్తుంది. నల్ల రబ్బరు వద్దు, రంగు గోడకు మరక దిగుతుంది. ఆ సందు వల్ల ఇంకో లాభం గాలి ఆడటం. జూలై, ఆగస్టుల్లో బయటి గోడ నెమ్మెక్కుతుంది. పటం గోడకు అంటుకుని ఉంటే వెనక అట్టకు బూజు పడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నాలుగు రోజులుంటే వెనక భాగాలు తీసి చూడటం అలవాటు చేసుకోవాలి.

సీలింగ్ ఫ్యాను గురించి ఏ కరపత్రమూ చెప్పదు, వరంగల్ ఎండల్లో ఫ్యాను ఆపనివ్వరు. చిన్న పటాలు తీగ మీద రోజంతా సన్నగా ఊగుతుంటాయి. నెల తిరిగేసరికి గోడ మీద నెలవంకలా గీత పడుతుంది, ఫ్రేము మూల రంగు పోతుంది. కింది ఫెల్టుకూ గోడకూ మధ్య బఠాణీ గింజంత మ్యూజియం మైనం (వస్తువులు కదలకుండా అంటించే మెత్తటి మైనం) నొక్కితే ఊగడం ఆగుతుంది.

ఈ రైలు పనికిరాని చోట్లు ఉన్నాయి. చేర్యాల నకాశీ పటం, అంటే గుడ్డ మీద వేసే కథల బొమ్మ, వాటిలో మొదటిది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది గానీ ఇక్కడి ప్రదర్శనల్లో దాని బొమ్మ లేని రోజు ఉండదు. ఖాదీ గుడ్డ మీద గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పూసి, ఆరాక రంగులు వేస్తారు. గంజి, చింతగింజ రెండూ పురుగుకు విందు భోజనం. పూత పెళుసు, మడిస్తే చిట్లుతుంది, తడి చెయ్యి తగిలితే రంగు అంటుకుంటుంది. క్లిప్పులు పెట్టి రైలుకు వేలాడదీస్తే బరువంతా క్లిప్పు దగ్గర రెండంగుళాల మీద పడి అక్కడే చీలుతుంది. పైఅంచు పొడవునా చెక్క పట్టీ, దానిమీద ఇనుప రేకు, పటం ముందు నుంచి పల్చటి కాగితం అడ్డుపెట్టి చిన్న అయస్కాంతాలు, మూడు నాలుగంగుళాలకు ఒకటి. అప్పుడు బరువు అంచంతా పంచుకుంటుంది. చుట్టి పెట్టేటప్పుడు కనీసం ఆరంగుళాల గొట్టానికి, బొమ్మ బయటికి ఉండేలా చుట్టాలి. వెలుతురు 50 లక్స్ దాటనీయొద్దు.

వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు అయస్కాంతం చాలదు. మెత్తటి వెల్క్రో పట్టీని నూలు పట్టీకి కుట్టి, ఆ నూలు పట్టీని జంపఖానా వెనక చేత్తో కుట్టాలి. గరుకు పట్టీ గోడకు బిగించిన చెక్కకు. ఫెవికాల్‌తో అంటించే ఆలోచన వస్తే మానుకోండి. 15 కిలోలు దాటిన పెద్ద పటాలకు కూడా రైలు వద్దు. 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీని పొడవునా 45 డిగ్రీల వాలుతో రెండుగా కోయిస్తే ఒక ముక్క గోడకు, ఒకటి పటానికి. ఒకదాని మీద ఒకటి కూర్చుంటుంది. ఏ వడ్రంగైనా గంటలో చేసిస్తాడు. పటం ఎత్తి దించడానికి పైన రెండంగుళాల జాగా ఉంచాలి.

మోసేవాళ్లకు ఒక్క సూచన: తెల్ల నూలు చేతితొడుగులు ఫొటోలకు బాగుంటాయి, గాజు ఫ్రేము మాత్రం వాటిలోంచి జారుతుంది. నైట్రైల్ తొడుగులు వేసుకుని, ఒక చెయ్యి కింద, ఒకటి పక్కన. పైఅంచు పట్టి ఎత్తొద్దు, వెనక వైరు పట్టి అసలే వద్దు.

కొనేవాళ్లు రైలు లెక్క సరిగ్గానే వేసుకుంటారు, కొక్కేల దగ్గర పిసినారితనం చేస్తారు. పటానికి రెండు చొప్పున లెక్కేసి, పైన ఇరవై శాతం అదనంగా తెచ్చుకోండి. ప్రదర్శన దించిన రోజు ముందు పోయేవి అవే.